తొమ్మిది గంటల పాలు

"టైము ఏదమ్మా?" సీసాను తిప్పి చూస్తూ అడిగింది నర్సు.

ఆమె ముందుకు వంగి చూసింది. పొద్దున్నే పాలు పిండి, మూత బిగించి, తడిగుడ్డ చుట్టి, బస్సు రాకపోతే మూడు స్టాపులు నడిచి వచ్చింది. సీసా మీద అంటించిన చీటీలో టైము రాయడం మాత్రం మరిచిపోయింది.

"ఐదూ నలభై సిస్టర్. నాకు బాగా గుర్తు."

"మీ మాట నమ్ముతాను. కానీ టైము లేని పాలు పాపకి పట్టకూడదు. పదమూడు వందల గ్రాముల ప్రాణం అది. కాస్త తేడా చేసినా తట్టుకోలేదు."

"మరి తొమ్మిదింటికి ఏం పడతారు?"

"డబ్బాపాలే. నిన్న పట్టిందంతా కక్కేసింది. ఏం చేస్తాం, మళ్లీ చూడాలి."

గోడ గడియారం ఎనిమిదీ ఇరవై ఐదు చూపిస్తోంది.

"ఇక్కడే పిండి ఇస్తాను."

"పొద్దున్నే పిండారుగా. మళ్లీ వస్తాయా?"

"వస్తాయి," అంది. వస్తాయో రావో ఆమెకే తెలియదు.

నర్సు పరదా వెనక స్టూలు చూపించి, మరిగించి ఆరబెట్టిన గిన్నె చేతికిచ్చింది. ఆమె మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని కూర్చుంది. కుట్లు చురుక్కుమన్నాయి. నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

పొద్దున గుమ్మంలో అమ్మ అడ్డుపడింది. "పచ్చి బాలింతవి. ఒంట్లో ఏముందనే ఈ పరుగులు? పడుకోవే తల్లీ."

"పడుకుంటే ఏడుపొస్తుందమ్మా. వెళ్లనీ."

పరుగు అనగానే పాస్టరమ్మగారు గుర్తొచ్చారు. మూడు రోజుల కిందట ప్రార్థన చేయడానికి ఇంటికొచ్చి, పక్కన కూర్చుని చెప్పారు. "బైబిల్లో స్పూడే అని ఒక గ్రీకు మాట ఉందమ్మా. తెలుగులో దాన్ని ఒకచోట శ్రద్ధ అన్నారు, ఒకచోట ఆసక్తి అన్నారు, ఇంకోచోట త్వరపడడం అన్నారు."

"ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు తెలుగే అంతంతమాత్రం. ఒక్క మాటకి ఇన్ని అర్థాలైతే దేన్ని పట్టుకోనండీ?"

"అన్నీ ఒకటేనమ్మా. మనసు పెట్టిన మనిషి కాళ్లు ఆగవు. అంతే."

ఆ మర్నాడే ఆమె ఈ వార్డుకి మొదటి సీసా తెచ్చింది.

గిన్నెలో అవే నాలుగు చుక్కలు. ఎనిమిదీ నలభై. ఆమె భుజాలు వదులు చేసి కళ్లు మూసుకుంది. చిన్న ముఖం, ముడుచుకున్న పిడికిళ్లు. పెదవి కొరుక్కుంది. కాసేపటికి పాలు సన్నటి ధారగా దిగాయి.

పిండడం కాగానే చీటీ అడిగి తీసుకుని టైము రాసి ఇచ్చింది.

"ఇంత పెద్ద అక్షరాలా? గోడ మీద రాసినట్టుంది," నవ్వింది నర్సు.

"మళ్లీ కనబడలేదంటారని."

సరిగ్గా తొమ్మిదింటికి సన్నటి గొట్టంలోంచి పాలు దిగుతుంటే ఆమె అద్దం ఇవతల నిలబడి చూసింది. అద్దం మీద ఆవిరి పట్టేంత దగ్గరగా నిలబడింది. ఐదు నిమిషాలు. పది. పాప కక్కలేదు. పిల్లిలా ఒళ్లు విరుచుకుని నిద్రపోయింది.

నర్సు తలుపు తీసి పిలిచింది. "లోపలికి రండి. ఒక్క నిమిషం చూసి వెళుదురుగాని."

"వద్దు సిస్టర్. దగ్గరికొస్తే ఇంక కదలలేను. పన్నెండింటికి పాలు తేవాలిగా."

"ఈసారి టైము..."

"ఇంటికి వెళ్లగానే ముందు చీటీ రాసి పెట్టుకుంటాను."

"ముందే రాస్తే ఎలాగమ్మా? పిండాక రాయాలి."

ఇద్దరూ నవ్వారు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని గబగబా మెట్లు దిగింది.

ఆ పాప ఎవరి బిడ్డో ఆమెకి తెలియదు. తన కొడుకును మట్టిలో పెట్టి ఆ రోజుకి వారం.