కొట్టింది ఒక్కడే

తమ్ముడు ఇస్త్రీపెట్టెతో రెండోసారి కొట్టేసరికి టీచరమ్మ మంచం పక్కన కూలబడింది.

"ఆపరా. నగలు తీసుకుని వెళ్లిపోతానన్నావు కదరా" అంటూ అక్క వాడి చెయ్యి పట్టుకుంది. ఆరేళ్లుగా టీచరమ్మ ఇంట్లో వంట చేస్తోంది. మధ్యాహ్నం టీచరమ్మ కునుకు తీసే వేళ చూసి, పెరటి తలుపు గడియ తీసింది తనే.

"నా మొహం చూసేసింది. వదిలితే ఇద్దరం జైలుకే" అని వాడు అక్కను గోడకేసి తోశాడు.

నెత్తురు కళ్లలోకి కారుతున్నా టీచరమ్మ పాకి వచ్చి, వాడి కాలు రెండు చేతులా వాటేసుకుంది.

"నువ్వు పారిపోవే తల్లీ. నిన్ను కూడా చంపేస్తాడు" అంది అక్కతో.

మూడో దెబ్బకి ఆ చేతులు జారిపోయాయి.

అక్క పెట్టిన కేకలకి వీధి వీధంతా వచ్చి వాడిని పట్టుకుంది.

స్టేషన్లో తమ్ముడు తలెత్తకుండానే చెప్పాడు. "కొట్టింది నేనే సార్. అక్క గడియ తీసిందంతే. వద్దని అడ్డం కూడా పడింది."

"అంతేనా?" ఎస్సై ఆమె వైపు తిరిగాడు.

అంతేనని చెప్పాలని జీపులో వస్తున్నంతసేపూ అనుకుంది.

"ఆవిడ నన్ను కాపాడదామని వాడి కాలు పట్టుకుంది సార్" అంది. "ఇద్దరం కలిసి చంపామని రాసుకోండి."