బెల్టుకు కట్టిన జాలీ

పున్నమ్మ పమిట చెంగు మిల్లు మోటారు బెల్టులో పడి జానెడు మేర చిరిగిపోయింది.

చెంగు చిరిగి ఊడి వచ్చింది కాబట్టి ఆమె వెనక్కి పడి బతికిపోయింది. లేకపోతే మనిషే బెల్టుతోపాటు చక్రం మీదికి పోయేది.

"కొంగు జాగ్రత్తగా దోపుకోవాలమ్మా," అన్నాడు వెంకటనారాయణ. పొదిలి రోడ్డులోని ఆ పత్తి మిల్లు ఆయనదే.

"దోపుకున్నా ఆ గాలికి లాగుద్దయ్యా. అడ్డంగా ఇనప జాలీ కట్టించమని పోయినేడు నుంచీ అడగతన్నాం."

"చూద్దాంలే."

అది ఆయనకు ఊతపదం. మిల్లు రేకులు కారినా చూద్దాంలే, ఇంటావిడ తిరుపతి వెళ్దామన్నా చూద్దాంలే.

"అది సరే, పొద్దున మీరంతా ఎందుకు ఆలస్యంగా వచ్చారో చెప్పండి."

"ఊళ్లోకి పగటివేషాలోళ్లు దిగారయ్యా. రోజుకో వేషం. చూస్తా చూస్తా నిలబడిపోయాం."

వెంకటనారాయణకు ఒళ్లు మండింది. గేటు దగ్గరున్న వాచ్‌మన్ సుభానీని కేకేశాడు.

"ఆ వేషగాళ్లు ఆఖర్న సంభావనంటూ మన మీదికి వస్తారు. ఒక్కణ్ణి కూడా లోపలికి రానివ్వబాక."

మర్నాడు టీ తాగే వేళకు ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా టక్ చేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చంకలో ఫైలుతో ఠీవిగా ఉన్నాడు. సుభానీ సెల్యూట్ కొట్టి గేటు బార్లా తీశాడు.

"ఓనరెవరు?"

ఆ గొంతు ముందు మోటారు చప్పుడు కూడా చిన్నబోయింది. వెంకటనారాయణ గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

"నేనేనండి. తమరు?"

"తనిఖీ."

ఒంగోలు నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడని వెంకటనారాయణకు అర్థమైపోయింది. చేతిలో సిగరెట్టు వెనక దాచబోయాడు. వచ్చినాయన దాన్ని సుతారంగా అందుకుని టీ గ్లాసులో ముంచాడు.

"చుట్టూ ఇంత దూది పెట్టుకుని నిప్పా? మీరే తగలబెట్టుకుంటారా, నన్నో చెయ్యి వెయ్యమంటారా?"

"ఇంకెప్పుడూ లోపల ముట్టించనండి."

ఆయన బెల్టు దగ్గరికి నడిచాడు. కళ్లద్దాలు తీసి కాసేపు చూశాడు.

"దీనికి జాలీ ఏది?"

"చూద్దామనీ..."

"ఎప్పుడు? ఒక తల పోయాకనా, రెండు పోయాకనా?"

వెనక కూలీలందరూ కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పున్నమ్మయితే ఏకంగా పత్తి కుప్ప చాటుకు పోయింది.

"అదీ పద్ధతి," అన్నాడాయన వాళ్లను చూపిస్తూ. "దూది నూగు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కూ నోరూ కప్పుకున్నారు. అందరికీ తువాళ్లు ఇప్పించండి. చీర మీద తలా ఒక చొక్కా కూడా. పొలానికెళ్తూ మొగుడి పాత చొక్కా తొడుక్కుంటారు చూడండి, అలాగన్నమాట. ఇక కొంగు ఎగరదు."

"చిత్తం," అంటూ వెంకటనారాయణ మెల్లగా జేబులో చెయ్యి పెట్టాడు.

"చెయ్యి బయటికి తియ్యండి. జాలీ కట్టించండి. మళ్లీ వస్తాను."

కనీసం టీ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

డబ్బు వద్దన్నాడంటే ఎంత పెద్ద ఆఫీసరో అని వెంకటనారాయణ హడలిపోయి, సాయంత్రానికల్లా వెల్డరును పిలిపించాడు. ఆయన చూద్దాంలే అనకుండా చేసిన పని బహుశా అదొక్కటే.

ఆ వారంలోనే, వెంకటనారాయణ మోజుపడి కొన్న సెల్‌ఫోను చేతిలోంచి జారి బెల్టు వైపు దొర్లింది. తీసుకోబోయి వంగాడు. మెడకు చుట్టుకున్న కండువా కొస గాలికి లేచి బెల్టు మీదికి పోయింది.

జాలీకి కొట్టుకుని కింద పడింది.

అంతే, ఇంకేమీ జరగలేదు. వెంకటనారాయణ మాత్రం పత్తి కుప్ప మీద కూలబడ్డాడు.

గళ్ల చొక్కా తొడుక్కున్న పున్నమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చింది.

"కండువా జాగ్రత్తగా దోపుకోవాలయ్యా," అంది.

ఆయనకు కోపం రాలేదు. నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన ప్రాణం నిలబెట్టిన ఆ మహానుభావుడికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

మర్నాడే ఒక శాలువా, మిఠాయి పొట్లం కొనుక్కుని ఒంగోలు వెళ్లాడు. ఆఫీసులో వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"ఈ మధ్య మా వాళ్లెవరూ మీ మిల్లుకు రాలేదండీ."

ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు. శాలువా చంకలో పెట్టుకుని పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. గేటు దగ్గర సుభానీ ఎదురొచ్చాడు.

"ఇయాళ వేషాలకు ఆఖరి రోజంటయ్యా. సంభావనకు వచ్చారు. తమరు వద్దన్నారుగా, గేటు దగ్గర్నుంచే పంపించేశా. మధ్యాహ్నం బస్సుకు ఊరొదిలి పోయారు."

"మంచిపని చేశావు," అన్నాడు వెంకటనారాయణ పరధ్యానంగా.

"వాళ్లలో ఆంజనేయుడి వేషం కట్టినాయన మాత్రం, తోక భుజాన వేసుకుని పోతా పోతా వెనక్కి తిరిగి, 'మీ అయ్య ఆ బెల్టుకు జాలీ ఉంచాడా, పీకించేశాడా?' అని అడిగి పోయాడయ్యా."