ఇరవై రంగుల నూలు

ఇరవై రంగుల నూలు రాక రెండు రోజులైంది. షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆగనిది గుంత ఒక్కటే. షెడ్డు నడుమ యాసిడ్ గుంత. చిరిగిన బట్ట, విరిగిన మగ్గం, ఏది వేసినా కుతకుత ఉడికించి, మళ్లీ నూలు చేసి బయటికి కక్కుతుంది. దాని కంపుకు సత్తమ్మ ఎప్పుడూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు ఆ కంపులో మనుషుల వాసన కూడా కలిసింది.

పాత సామాను అయిపోయేసరికి గుంతవాళ్లు ముసలి పనివాళ్ల మీద పడ్డారు. ఇందాకే పక్క మగ్గం గంగయ్యను ఈడ్చుకుపోయారు. "నా మగ్గం జర సూస్కో సత్తమ్మా" అంటూనే పోయాడు.

కాసేపటికి గుంత పనివాడు శ్రీహరి తడి నూలు కండెలు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఇగ పట్టు. నేత మొదలువెట్టు."

"థూ! గిది గంగయ్య గాదుర? నేను ముట్ట!"

"ముట్టకుంటే నువ్వు గూడ గుంతలకే. ఎట్లయినా గంగయ్య తర్వాత నంబరు నీదే."

సత్తమ్మ మేస్త్రి పరశురాములును వెతుక్కుంటూ పోయింది. నూలొచ్చిన నాడు ఆయన దర్జాయే వేరు. ఆ కంపులోనే గుంత గట్టెక్కి, గద్దెనెక్కినట్టు కూర్చొని కేకలేస్తాడు. ఆయన గట్టు మీదున్నంతసేపు గుంతవాళ్లు కిక్కురుమనరు. నూలు బందయిందో, గట్టు దిగి ఏ మూలకో జారుకుంటాడు.

ఇవాళా ఒక మూలనే దొరికాడు.

"మేస్త్రీ, గంగయ్యను మింగిండ్రు. నీకు సిగ్గనిపిస్తలేదా? గట్టెక్కి ఒక్క మాట అను."

"నూలు లేంది గట్టెక్కి ఏం జెయ్యాలె అవ్వా? నేను నూలుకు నౌకర్ని, నీకు గాదు."

"థూ నీ బతుకు!"

అంతలోనే శ్రీహరి వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. గట్టు దాకా ఈడ్చాడు. కాళ్ల కింద పచ్చటి నురగ. సత్తమ్మ కళ్లు మూసుకోలేదు, ముక్కు మూసుకుంది.

గేటు దగ్గర కాపలా ఉండే ఓంప్రకాశ్ అప్పుడే దిగిన బస్తాలో చెయ్యి పెట్టి తడిమి చూశాడు. ఒక్కసారిగా అరిచాడు.

"నూలొచ్చింది! అన్ని రంగులొచ్చినయి!"

పరశురాములు ఎక్కడినుంచో ఉరికొచ్చి గట్టెక్కాడు.

"శ్రీహరీ, ఇడ్సిపెట్టు ముసల్దాన్ని! మగ్గాలు నడిపియ్యుండ్రి! కొత్తయి ఇంకో పది పెట్టుండ్రి!"

శ్రీహరి చెయ్యి వదిలేశాడు. మేస్త్రి పళ్లికిలించాడు.

"ఏమవ్వా, గంతకే పరేషానైతివా? నేను లేనా!"

సత్తమ్మ గట్టు మీదే ఉమ్మేసింది. నోరు తుడుచుకొని మగ్గం దగ్గరికి వచ్చింది. గంగయ్య కండె ఇంకా తడిగానే ఉంది. కళ్లు తిప్పుకొని, కొత్త నూలుతో కలిపి దాన్నీ ఎక్కించింది.

మెట్‌పల్లిలో, రెండు రోజుల ఉపవాసం విడిచి పప్పు బువ్వ తిన్న మమతారాణి బ్రేవ్‌మని తేన్చింది. ఆ పప్పులోని మాంసకృత్తులు అరిగి విడిపోయిన ఇరవై రకాల అమైనో ఆమ్లాలే ఆ నూలు. ఈ షెడ్డూ, గుంతా, మేస్త్రీ, సత్తమ్మా అంతా ఆమె కాలేయంలో కంటికి కనిపించని ఒకే ఒక్క కణం.