ఆరుద్ర పురుగు కనబడిన రోజు

ఇప్పుడు మార్కాపురంలో పొద్దున్నే కాఫీ కన్నా ముందు ప్రతి ఇల్లూ తన వంతుకు వచ్చిన ప్రాణి కనబడిందో లేదో ఇంట్లోని మాట్లాడే గోడకు చెప్పాలి. దేశమంతా అంతే. ఆ కబుర్లను బట్టే విత్తనాలు వేస్తారు, బడులు తెరుస్తారు. పక్కింటి ఖాజాబీ వంతుకు కాకి వచ్చింది. ఓబులమ్మ వంతుకు ఆరుద్ర పురుగు వచ్చింది. పదకొండేళ్లుగా ఆమె "కనబడలేదు" అనే చెబుతోంది. ఈ కార్తెలోనూ కనబడకపోతే ఆ పురుగు పేరు జిల్లా పట్టికలోంచి తీసేస్తారు.

ఆ రోజు తొలకరి కురిసి వెలిసింది. గిన్నెలు తోముతున్న ఓబులమ్మకు పెరటి మట్టిలో ఎర్రటి మఖమల్ చుక్క కదులుతూ కనిపించింది. పరుగున వెళ్లి గోడకు చెప్పింది.

"ఇంకో ఇంటివాళ్లు కూడా చూడాలి," అంది గోడ.

పురుగు మట్టిలోకి దూరేలోపు రాగలిగేది ఖాజాబీ ఒక్కతే. మురుగునీళ్ల గొడవతో ఇద్దరికీ ఆరు నెలలుగా మాటల్లేవు. అయినా ఓబులమ్మ ప్రహరీ మీదుగా కేకేసింది. "వదినా, తొందరగా రా! ఆరుద్ర పురుగు!"

ఖాజాబీ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి బురదలో మోకాళ్లూనింది. "చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని," అంటూ కళ్లు తుడుచుకుంది. "ఒకటేంది ఓబులమ్మా? అదిగో, మూడున్నాయి!"

గోడకు చెప్పడానికి ఓబులమ్మ లేచేలోపే ఖాజాబీయే అరిచి చెప్పింది. "మూడు! నేనూ చూశా!"

కాసేపటికి వీధి వీధంతా పెరట్లోకి దిగింది. ముసలాళ్లు పిల్లలకు పోటీగా అరచేతులు చాపారు. ఓబులమ్మ, ఖాజాబీ ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని, "తొక్కకండి, తొక్కకండి!" అని నవ్వుతూ కేకలేశారు.