క్వారీ దారిలో ముసలాయన

క్వారీ దారిలో ఎవరో ముసలాయన నరేశ్ వీపుకు చెవి ఆనించి వింటున్నాడు.

కొడుక్కు సద్ది తెచ్చిన ఐలవ్వ అది చూసి గబగబా అక్కడికి నడిచింది.

నరేశ్ ఈ కొండపాక అవతలి క్వారీలో డ్రిల్లు పట్టినప్పటి నుంచి ఆమెకు అన్నీ భయాలే. రాయి మీద పడుతుందని, తూటా ముందే పేలుతుందని, పాము కరుస్తుందని.

"ఎవలయ్య నువ్వు? నా కొడుకును ఏం జేస్తున్నవ్?"

ముసలాయన జవాబు చెప్పబోయి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. ఎండిన ఒళ్లు, లోపలికి పోయిన బుగ్గలు, తలకు తువ్వాల.

"ఏం లేదవ్వా. తమ్మి ఊపిరి ఎట్లున్నదో ఇంటున్న."

"తాతకు తమ్ముడు దొరికిండురోయ్!" అరిచాడు తోటి కూలీ దుబ్బయ్య.

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వబోయాడు. దగ్గు నవ్వనివ్వలేదు.

"రాయి మీద నీళ్లు కొట్టుకుంట డ్రిల్లు వెయ్యమన్న గద తమ్మీ. దుమ్ము లేవది."

"నీళ్లు కొడితె పని సాగదంటడు మేస్త్రి," అన్నాడు నరేశ్.

"మావోడు రోజు బెల్లం తింటడు. దుమ్మంత కిందికి దిగుతది," అంటూ ఐలవ్వ కొంగుముడి విప్పి బెల్లం ముక్క కొడుకు చేతిలో పెట్టింది.

"బెల్లం కడుపులకు పోతదవ్వా. దుమ్ము పోయే జాగ వేరే."

జేబులోంచి చీటీ తీసి ఆమెకు ఇచ్చాడు.

"సిద్దిపేట దవాఖానల గీ డాక్టరమ్మకు సూపియ్యి. గిప్పుడే పని ఇడిస్తె బతుకుతడు."

మళ్లీ దగ్గు. నిలబడలేక నరేశ్ భుజం పట్టుకున్నాడు.

ఐలవ్వ కొడుకును వెనక్కి గుంజింది.

"గిది టీబీ దగ్గే! ఉన్న ఒక్క కొడుక్కు అంటిస్తవా? నడువ్ గీన్నుంచి!"

చీటీ చింపి పారేసింది. దుబ్బయ్య అతణ్ణి రోడ్డు దాకా తోలి వచ్చాడు.

అంతకుముందు ముసలాయన నీళ్లు తాగిన చెంబును ఆమె మూడుసార్లు మట్టితో తోమింది. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

ఏడాది తిరిగేసరికి నరేశ్ నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడు.

సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసింది. మళ్లీ చూసింది.

"టీబీయా అమ్మా?" అడిగింది ఐలవ్వ.

"టీబీ అయితే మందులకు తగ్గేది. ఇది రాతిదుమ్ము. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. వీటిని మెత్తగ చేసే మందు లేదు."

ఐలవ్వ కొడుకు వీపు నిమిరింది.

"నిరుడే రావలసింది. మీ దిక్కు క్వారీల నుంచి ఒకతను పదకొండు మందిని తోలుకొచ్చిండు. వాళ్లు పని మానుకున్నరు. మీకు చెప్పలేదా?"

"తువ్వాల కట్టుకున్న ముసలాయననా? యాడుంటడమ్మా? ఆయన కాళ్లు మొక్కుత."

"పోయిన నెల చనిపోయిండు."

డాక్టరమ్మ ఎక్స్‌రేను కవరులో పెట్టింది.

"ముసలాయన ఏందమ్మా? ఆ తువ్వాలాయన శైలేందర్ కూడ వేరే క్వారీల డ్రిల్లు పట్టినోడే, పోయేనాటికి ముప్పై ఏండ్లు నిండలే."