బస్తా బరువు

"అక్కా, నీ మంచం కింద బియ్యం బస్తాలున్నాయి కదా, ఒకటి ఇలా ఇస్తావా?"

కంచె అవతల నుంచి పక్కింటి కుర్రాడు సగ్రెన్ ప్రేమీని అడిగాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మనవాళ్లూ ఒకే లైన్‌లో తొలిసారి ఓటేసే నాడు గొడవలవుతాయని మనవాళ్ల పేట మెరీబ్యాంక్‌లో ఇంటింటా సరుకులు దాస్తున్నారు. తను దాచిన చోటు వీడికెలా తెలిసింది? పైగా వారం నుంచి సైకిల్ వెనక చక్రాన్ని దూరంగా జరిపి, మధ్యలో ఇనప గొట్టాలు వెల్డింగ్ చేసి, మీద పొడుగాటి చెక్క బిగిస్తున్నాడు.

"ఎవరి కొంప దోచి మోసుకుపోడానికిరా అంత పొడుగు?"

"దోచడానికేంటక్కా! బరువుకి ఆగుతుందో లేదో చూడాలి."

"ఎవరి బరువుకి?"

సగ్రెన్ తల గోక్కున్నాడు. "నీకు చెప్పొద్దంది."

"ఎవర్రా?"

"అవ్వ. మీ అత్త. ఓటు లైన్ దాకా నడవలేదు కదా. ఆ రోజు ఇంటి తలుపే తియ్యనివ్వనన్నావంట. ఏడ్చింది."

ప్రేమీ వెనక్కి తిరిగింది. వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తున్న అత్త గబుక్కున పక్కకి తప్పుకుంది.

ప్రేమీ గేటు తోసుకుని వెళ్లి, ఆ చెక్క మీద తన భారీ శరీరాన్ని మోపి కూర్చుంది.

"బస్తా ఎందుకు? తొక్కు. నన్ను మోస్తే అత్తని మోస్తుంది."