మృదుపాద మేజోళ్లు

పక్షవాతంతో పేర్రాజుకి మాట పడిపోయాక, ఆయన మనసులో అనుకున్నది ఇంట్లోని కంప్యూటరే పైకి పలికేది. ఆ మరగొంతు వినలేక భార్య సుభాషిణి, ఆయన పాత గొంతుతో మాట్లాడే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా వస్తుంటే దించుకుంది. ముందే టిక్కులు పెట్టి ఉన్న గడులను చదవకుండా కింద 'సరే' నొక్కేసింది.

అప్పట్నుంచీ ఆయన మృదుపాద మేజోళ్లు కావాలని ఒకటే అడగడం. నలభై ఏళ్ల కాపురంలో నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. మురిసిపోయి, నెల్లాళ్లు విప్పక్కర్లేని మల్లెపూల వాసన రకం తెప్పించి తొడిగింది. అయినా మర్నాడు మళ్లీ అడిగాడు.

"తొడిగానుగా, చూసుకోండి," అంటూ వచ్చింది రోజూ.

మూడు వారాలకి కంప్యూటర్ మరీ నెమ్మదించిందని, బాగుచేసే ఝాన్సీని పిలిచింది.

"దీనికి ప్రకటనల పురుగు పట్టిందండి పిన్నిగారూ. బాబాయిగారు ఒకటనుకుంటే ఇది ఇంకోటి పలుకుతోంది," అంది ఝాన్సీ. ఆ ప్రోగ్రాంని తీసేసి, అది మింగేసిన మాటలన్నీ తెర మీదికి తెచ్చింది.

మొదట్లో అన్నీ 'కాలు మండుతోంది సుభా' అనే. తర్వాతవన్నీ 'ఈ మేజోళ్లు విప్పి చూడవే' అని.

సుభాషిణి మంచం దగ్గరికి పరుగెత్తింది.

"ఇంకా మండుతోందాండీ?"

మరగొంతు తాపీగా పలికింది. "లేదు. ఇప్పుడేం తెలీడం లేదు."

ఆవిడ మేజోడు అంచు పట్టుకుంది. విప్పడానికి చేతులు రాలేదు. మల్లెపూల వాసన వస్తూనే ఉంది.